ఫోనక్క చెంబు

చావు కబురు పోయి చెప్పి రమ్మంటే నేను పోకముందే ఫోనులో పెట్టాను. ఈ రోజు పొద్దున నేను చేసిన తప్పు అది.

తొప్పూరులో ఫోనక్క పోయిందని ఆమె పక్క టీ అంగడి ఆయన తెల్లవారగానే నాకు ఫోను చేశాడు. రాత్రి పడుకున్న మనిషి లేవలేదట. "ఇండూరులో కూతురుండాది గదా. ఆ బిడ్డకు ఫోన్లో చెప్పేదానికి నాకు నోరు రాలే. అక్క సంగతి నీకు తెలుసు, ఇట్ల చెప్తే ఒప్పేది కాదు. నువ్వు ధర్మపురిలోనే ఉండావు, పోయి నిదానంగా చెప్పి పిలుచుకోని రా" అన్నాడు. సరే అన్నాను. మా ఈ తమిళనాడు ధర్మపురి నుంచి ఇండూరు దూరం కూడా కాదు. స్నానం చేసి బయల్దేరదామని పొయ్యి మీద నీళ్లు పెట్టాను.

నీళ్లు కాగేలోపు చేతిలో ఫోను ఉంది. మా టెలిఫోను ఆఫీసులో రిటైరైన వాళ్లందరికీ ఒక గ్రూపు ఉంది. అందులో తమిళంలో నాలుగు ముక్కలు రాసి, ఎప్పుడో నేను తీసిన ఆమె ఫోటో వెతికి, దానికి దండ ఒకటి తగిలించి పెట్టాను. దుఃఖంతో పెట్టానని ఇప్పుడు చెప్పుకోవచ్చు. కానీ ఆ కబురు అందరికంటే ముందు నా నోటి నుంచే రావాలన్న ఆశ కూడా ఉంది. చేతులు జోడించిన బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే ఒక్కొక్కరికీ జవాబు ఇస్తూ కూర్చున్నాను. పొయ్యి మీద నీళ్లు సగం ఇగిరిపోయాయి. నేను ఇండూరు చేరేలోపే ఆ ఫోటో చేతులు మారి మారి ఆమె కూతురి ఫోనుకు చేరింది.

ఆ తప్పు ఎంత పెద్దదో తెలియాలంటే ఫోనక్క ఎలాంటిదో చెప్పాలి.

ఆమెకు ఇంకో పేరు ఉండేది. రేషను కార్డులో తప్ప దాన్ని ఎవరూ వాడలేదు. ఒకప్పుడు ధర్మపురి బజారులో ఆమె భర్త తాతలకు పెద్ద అంగడి ఉండేదట. ఆమె కాపురానికి వచ్చేసరికి అది తొప్పూరు ఘాటు రోడ్డు పక్కన చెక్కపెట్టె అంగడిగా మిగిలింది. బీడీలు, అగ్గిపెట్టెలు, అరటిపళ్లు, లారీవాళ్లకు నిమ్మకాయలు. ఊరికొక ఫోను ఉండి తీరాలని ప్రభుత్వం రూలు పెట్టినప్పుడు ఆ ఊరి ఫోను ఆమె అంగడికి వచ్చింది. తీగ లాగింది, డబ్బా బిగించింది నేనే. అప్పుడు నేను లైన్ల మీద తిరిగే మెకానిక్కుని.

ఫోనుతోబాటు ఒక రేకు బోర్డు కూడా ఇచ్చాము. ఫోను చూసుకునే కీపరు ఏం చేయాలో, ఏం చేయకూడదో తమిళంలోనూ ఇంగ్లీషులోనూ రాసిన బోర్డు. మిగతా ఊళ్లలో దాన్ని ఎవరూ చదవలేదు. ఈమె మాత్రం నాతో పైనుంచి కిందిదాకా చదివించుకుంది. పిలుపు వచ్చిన మనిషిని కీపరు పిలిపించాలి. ఇతరులు మాట్లాడేది కీపరు వినరాదు. విన్నది వేరొకరికి చెప్పరాదు. "అంతేనా?" అంది. అంతే అన్నాను. ఆ రోజు నుంచి ఎవరైనా మాట్లాడుతుంటే ఆమె అంగడి బయటికి వచ్చి, రోడ్డు వైపు తిరిగి, రెండు చెవులూ అరచేతులతో మూసుకుని నిలబడేది. లారీ డ్రైవర్లకు అదొక వేడుక. ఇంట్లో పెళ్లాన్ని తిట్టడానికే ఫోను చేశాననీ, అక్క వింటే ఇంకా కొంచెం బలంగా తిట్టేవాణ్ణనీ ఒకడు ఆట పట్టించాడు. ఆమె చెవుల మీది చేతులు తీయకుండానే, "నీ పెండ్లాము తిట్టేది మాత్రం రోడ్డు దాకా వినపడతా ఉండాది" అంది.

రిసీవరు ఎత్తితే హలో అనేది కాదు. "ఎవురు, ఎవురికి?" అని మాత్రం అడిగేది. మనిషి మాట్లాడక ముందు ఒకసారి, మాట్లాడిన తర్వాత ఒకసారి రిసీవరును కొంగుతో తుడిచేది. ముందర తుడవడం అర్థమైంది, తర్వాత ఎందుకని అడిగితే, మాటలు అంటుకుని ఉంటాయి గదా అని నవ్వింది.

మా రూల్సు ఎంత చెడ్డవో కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. ఫోను బిగించిన గోడ మీదికి మొదటి వానకే చూరు కారింది. ఎదురు గోడకు మారిస్తే సరిపోయేది, స్క్రూడ్రైవరుతో పది నిమిషాల పని. కానీ పబ్లిక్ ఫోనును ఉన్న చోటి నుంచి కదపాలంటే పైనుంచి అనుమతి రావాలి. ఆమె అర్జీ నేనే రాసి పంపాను. అది ధర్మపురి నుంచి సేలం పోయింది, ఏదో వివరం తక్కువైందని తిరిగి వచ్చింది, మళ్లీ పోయింది. ఆమె ఊరుకోలేదు, పాత నల్ల గొడుగు ఒకటి విప్పి ఫోను పైన గోడకు మేకు కొట్టి నిలిపింది. జనం వాన చప్పుడు కింద, ఆ గొడుగు కింద నిలబడి మాట్లాడారు. నేను పోయిన ప్రతిసారీ గొడుగును చూసి సిగ్గుపడేవాణ్ణి. స్క్రూడ్రైవరు నా సంచిలోనే ఉండేది. రూలును దాటి దాన్ని బయటికి తీసే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. అనుమతి వచ్చేసరికి గొడుగు గుడ్డ చిల్లులు పడి ఊచలు మాత్రం మిగిలాయి.

చెంబును నేను మొదట చూసింది ఒక ఎండాకాలం మధ్యాహ్నం. లైను సరిచేసి దిగుతుంటే ఫోను మోగింది. తిరుప్పూరు నుంచి ఎవరో మేస్త్రీ. ఈ ఊరి నుంచి పోయిన కూలి మనిషి కట్టడం మీది నుంచి పడి చనిపోయాడు, అతని పెళ్లానికి చెప్పమంటున్నాడు. రిసీవరు లోంచి అతని గొంతు నాకే వినబడుతోంది.

"నేను చెప్పను సామీ" అంది ఫోనక్క. "ఆమెను పిలుచుకోని వస్తాను. నువ్వు పెట్టేసి మళ్లీ చెయ్యి. నీ నోటితోనే చెప్పు."

తనకు భయంగా ఉందని అతను బతిమాలాడు.

"భయముంటే నిదానంగా చెప్తావు. అదే మేలు" అని ఆమె రిసీవరు పెట్టేసి, తుడిచింది. కుండలోంచి ఇత్తడి చెంబు నిండా నీళ్లు ముంచుకుంది. నన్ను కూడా రమ్మంది. ఆ ఇంటి ముందు ఆడమనిషి రాగులు చెరుగుతోంది. ఫోను వచ్చింది రమ్మని ఫోనక్క చెప్పింది అంతే. ఎవరని ఆమె అడిగితే వచ్చి మాట్లాడమంది. తిరిగి వచ్చేటప్పుడు ఫోనక్క ఆ మనిషి మేక ఈనిందా, పిల్ల ఏ రంగు అని అడుగుతూ నడిచింది. ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో ఆమె మోచేయి.

ఆ రోజు ఫోనక్క బయటికి పోలేదు. చెవులు మూసుకోలేదు. ఆ మనిషి రిసీవరు చెవికి పెట్టుకుని వింటున్నంతసేపూ మోచేయి వదలకుండా పక్కనే నిలబడింది. మోకాళ్లు వంగిపోయిన క్షణాన ఆమెను పడనివ్వకుండా తనూ ఆమెతోబాటే నేల మీదికి దిగింది. ముఖం తుడిచింది. నీళ్లు తాగించింది. ఏడవడం ఆ తర్వాత మొదలైంది, ఇద్దరిదీ.

సాయంత్రం నేను అడిగాను, నువ్వే మెల్లిగా చెప్పి ఉంటే బాగుండేది గదా అని.

"నేను చెప్తే చెప్పినదాన్ని అయిపోతాను తంబీ. రేపటి నుంచి నన్ను చూస్తే ఆమెకు అదే గుర్తుకొస్తాది. చెప్పేవాండ్లు వేరే ఉండల్ల. నేను పట్టుకునేదానికి ఉండల్ల" అంది. "మోచేయే పట్టుకోవల్ల. చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంటారు" అంది.

కాలం పోయేకొద్దీ ఊరికి ఆ చెంబు తెలిసిపోయింది. ఫోనక్క ఒట్టి చేతులతో వస్తే పెళ్లి చూపులో, పరీక్ష ఫలితాలో, ఊరికే పలకరింపో. చెంబుతో వస్తే లేచి నిలబడేవాళ్లు. ఒక ఏడు ఎండలు మండిపోతుంటే, ఎవరికో మామూలు ఫోను వచ్చి పిలవడానికి పోతూ తనకు దాహమేస్తుందని చెంబు పట్టుకుపోయింది. వీధి మొదట్లోనే ఆమెను చూసిన ఒక ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. అది ఆ ఇంటికి వచ్చిన ఫోను కూడా కాదు. ఆమె పరుగెత్తి పోయి, వాళ్ల గడపలో నిలబడి ఆ నీళ్లన్నీ గటగటా తాగి చూపించిందట, నాకోసమే తెచ్చుకున్నానని. తర్వాత అందరూ నవ్వుకున్నారు. ఆమె నవ్వలేదు. ఆ తర్వాత ఎంత ఎండలోనైనా తనకోసం నీళ్లు వెంట తీసుకుపోగా చూడలేదు నేను. నాలుక ఎండిపోయి వచ్చి కుండ దగ్గర కూలబడేది.

ఈ చెంబు ఏ రూలులోనూ లేదు. ఆ రేకు బోర్డును పట్టుకుని తనంతట తాను అల్లుకున్న పని అది. అందుకే పాత రూల్సు తీసేసే కాలం వచ్చినప్పుడు దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. నేను కూడా.

అప్పటికి అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి. బ్రిటిషు కాలం నాటి తంతి చట్టం పోయి కొత్తది వస్తుందన్నారు. దాని కింద పుట్టి పెరిగిన చిన్నా పెద్దా నిబంధనలన్నీ కోత పడుతున్నాయి. నేను అప్పటికి ఆఫీసు లోపలి పనిలో ఉన్నాను. పల్లె ఫోన్ల రూల్సులో ఉంచదగ్గవి ఏమైనా ఉన్నాయా అని మా ఆఫీసరు నన్ను అడిగారు, నేను ఊళ్లు తిరిగినవాణ్ణని. ఒక్కటీ లేదు సార్ అని నవ్వుతూ చెప్పాను. నాకు గొడుగు గుర్తుకొచ్చింది. చెంబు గుర్తుకు రాలేదు.

తొప్పూరు ఫోనును విప్పుకొచ్చే పని కూడా నేనే అడిగి తీసుకున్నాను. ఆమె నన్ను చూసి సంతోషపడింది, టీ తెప్పించింది. స్క్రూలు విప్పుతుంటే అడ్డు చెప్పలేదు. ఆ ఫోను మోగి అప్పటికే చాలా కాలమైంది. విప్పిన డబ్బాను కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"ఇంక సావు కబురు ఎట్ల వస్తాది తంబీ?"

"అందరి చేతుల్లో ఫోన్లుండాయి గదా అక్కా. నేరుగా వాళ్లకే వస్తాది."

"చేతిలో ఉండేది సరి" అంది. "వినంగానే పడిపోతే పట్టుకునేదెవురు?"

నేను నవ్వాను. అదేం ప్రశ్న అన్నట్టు నవ్వాను. ఆమె కూడా నాకోసం కొంచెం నవ్వి, గోడ మీద ఫోను ఉన్నచోట మిగిలిన తెల్లటి గుర్తును చేత్తో తడిమింది. రేకు బోర్డును కూడా తీసుకుపోవాలి, కానీ అడగబుద్ధి కాలేదు. తర్వాత పోయినప్పుడు చూస్తే అది నీళ్ల కుండ మీద మూతగా ఉంది. పిలిపించాలి, వినరాదు, చెప్పరాదు అన్న అక్షరాల మీద ఇత్తడి చెంబు బోర్లించి ఉంది.

ఈ రోజు ఇండూరులో ఆమె కూతురు ఇంట్లో లేదు. చామంతి తోటలో ఉందని చెప్పారు. గట్టు మీది నుంచే కనబడింది. సాళ్ల మధ్య ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్లో సగం నిండిన పూలబుట్ట, మట్టిలో ఫోను. చుట్టూ పలకరించే మనిషి లేదు. పూలు కోస్తుంటే ఫోను మోగిందట. ఏదో బొమ్మ వచ్చిందని తీసి చూసిందట. నేను పెట్టిన ఫోటోనే. నేను తగిలించిన దండే.

నేను దగ్గరికి పోయి నిలబడ్డాను. చెప్పాల్సింది చెప్పేశాను గదా, ఒక్క మాటా మాట్లాడకుండానే.

"మామా" అంది తలెత్తకుండా. "మా అమ్మ ఊరందరికీ నీళ్లు తీసుకుపోయింది."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఫోటో పెట్టింది నేనేనని చెప్పాను. తెలుసు, కింద నీ పేరుంది అంది. నేను అక్కడే మట్టిలో కూర్చున్నాను. కాసేపటికి ఆమె ముఖం తుడుచుకుని, ఎవరికి చెప్పాలో ఎవరిని పిలవాలో తనలో తను అనుకుంటూ ఒక్కసారి ఆగింది.

"మహేంద్రమంగళంలో పెద్దమ్మ" అంది. "ఆమెకు ఇంకా తెలిసుండదు. ఆమె దగ్గర ఫోను లేదు."

తొప్పూరు ఒక మూల, మహేంద్రమంగళం ఇంకో మూల. కూతురు తల్లి దగ్గరికి పోవాలి. నేను పోతానన్నాను, పోయి నేనే చెప్పి తీసుకొస్తానన్నాను.

ఆమె తల అడ్డంగా ఆడించింది. "నువ్వు చెప్పొద్దు మామా. నేనే చెప్తాను. నువ్వు పోయి పక్కన నిలబడుకోని నాకు ఫోను చెయ్యి."

ఇంటికి వచ్చి, లోపలి నుంచి చెంబు ఒకటి తెచ్చి ఇచ్చింది. స్టీలుది. భర్త బండి తీశాడు, ఆమె తొప్పూరుకు బయల్దేరింది. నేను ఆటో మాట్లాడుకున్నాను. గ్రూపులోంచి నేను పెట్టింది తీసేశాను, అప్పటికే అది నాది కాకుండా పోయిందని తెలిసినా. మహేంద్రమంగళం వైపు దయచేసి ఎవరూ పంపొద్దని రాశాను. దానికి కూడా చేతులు జోడించిన బొమ్మలే వచ్చాయి. దారిలో ఆటో డ్రైవరు ఫోను మోగిన ప్రతిసారీ అతని ముఖం చూశాను. ఆ ఊళ్లో ఎవరి చేతికి ఆ ఫోటో ముందు వస్తుందో, ఎవరు వాకిట్లోకి వచ్చి అరిచి చెప్తారో. ఫోనక్క అంగట్లో ఫోను ఉన్నన్నాళ్లూ ఒక్క ఇంటికి కూడా అలా కబురు పోనివ్వలేదు. ఆమె అక్కకే అలా పోతుంది, నా వల్ల.

ఊరి బోరింగు దగ్గర చెంబు నింపుకున్నాను. ఆ ఇంటి పక్కింటి అమ్మాయి గడపలో నిలబడి ఫోను చూసుకుంటోంది. చూస్తూ చూస్తూ నోటి మీద చెయ్యి పెట్టుకుని, ముసలామె ఉన్న వైపు అడుగు వేసింది. నేను దూరం నుంచే వద్దని చెయ్యి ఊపాను. ఆమె నా ముఖం చూసింది, చెంబు చూసింది, ఫోనును నడుములో దోపుకుని ఆగిపోయింది.

పెద్దక్క అరుగు మీద ఉలవలు ఏరుతోంది. చూపు తగ్గింది. నేను ఎవరో పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది. పోల్చుకుని, ఏం తంబీ ఇంత దూరం వచ్చినావు అంటూ లేవబోయింది. అప్పుడు నా చేతిలోది కనబడింది. చాటలో చెయ్యి అలాగే నిలిచిపోయింది.

"నీళ్లు తెచ్చేది మా చెల్లెలు గదా" అంది. "నువ్వెందుకు తెచ్చినావు?"

నాకు జవాబు తెలుసు. నోటి దాకా వచ్చింది. చెప్పలేదు.

"ఇండూరు బిడ్డ నుంచి ఫోను అక్కా. నీకోసం. మాట్లాడు."

చెంబు అరుగు మీద పెట్టాను. ఫోనక్క కూతురికి ఫోను కలిపి, తువ్వాలుతో తుడిచి, పెద్దక్క చెవి దగ్గర పట్టుకున్నాను. ఇంకో చేత్తో మోచేయి పట్టుకున్నాను. ఎండిన పుల్ల లాగా ఉంది. అవతల గొంతు మెల్లిగా మొదలైంది, పెద్దమ్మా అని. నేను వీధి వైపు ముఖం తిప్పుకున్నాను.

ఆమె బరువంతా నా చేతి మీదికి వచ్చింది. నేను వదలకుండా, ఆమెతోబాటు నేల మీదికి దిగాను.